బంగారు ప్రమాణం

"ఆ సీసా పెరుగు గిన్నె పక్కన ఉన్నంతసేపూ ఆ పెరుగు నేను ముట్టను. ఈ ఇంట్లో ఎవర్నీ ముట్టనివ్వను," అన్నారు మాణిక్యమ్మగారు.

పొద్దున్నుంచీ ఇల్లు ఈ మాట మీదే నడుస్తోంది. కాఫీలు ఈ మాట మీదే చల్లారాయి. పాలవాడు ఈ మాట వింటూనే పాలు పోసి, తనకెందుకని గేటు వేసుకుని వెళ్ళిపోయాడు.

"మూత బిగించే ఉంది అత్తయ్యా. పైన రెండు కవర్లు చుట్టాను," అంది పెద్దకోడలు సువర్చల, చీర కుచ్చిళ్ళకి పిన్ను పెట్టుకుంటూ.

"నువ్వు పట్టుగుడ్డే చుట్టు. లోపలున్నది పన్నీరు కాదుగా."

"ఆసుపత్రిలో ఫ్రిజ్ లేదేంటి?" అన్నాడు విఠల్ పేపరు చాటునుంచి. ఆయన సువర్చల భర్త. బ్యాంకులో పని. ఇంట్లో తగువొస్తే రెండు పక్షాలకీ సమానంగా వడ్డీ వేసి ఊరుకుంటాడు.

"ఉంది. అందులో మా ఏ.ఓ.గారి మనవరాలి పుట్టినరోజు కేకు ఉంది."

"చూశావా, వాళ్ళకైనా తెలుసు ఫ్రిజ్‌లో ఏం పెట్టాలో," అన్నారు మాణిక్యమ్మగారు. "ఇంతకీ ఎవరిదే ఆ తీర్థం?"

"ఓ పేషెంటుది. యూరిన్ టెస్టుకి."

కేకు మాట నిజమే. పేషెంటు మాటా నిజమే. కాకపోతే ఆ పేషెంటు పొయ్యి దగ్గర నిలబడి అందరికీ అట్లు పోస్తోంది. చిన్నకోడలు హైమ. పెనం మీది అట్టు తిప్పడం మరిచిపోయి, మాడు వాసన వచ్చాక ఉలిక్కిపడి తిప్పింది.

"ఏదో మీడియా జబ్బన్నావు. టీవీవాళ్ళకి వస్తుందా అది?" అత్తగారు వదల్లేదు.

"క్లమీడియా అత్తయ్యా. ఎవరికైనా వస్తుంది. ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ."

"మన వీధిలో ఎవరికీ రాదు," అని తీర్పు చెప్పి, ఆవిడ పెరుగు గిన్నె తీసుకుపోయి కిటికీ గట్టు మీద పెట్టి, దాని మీద పళ్ళెం, పళ్ళెం మీద పచ్చడిబండ పెట్టారు.

సువర్చల జిల్లా ఆసుపత్రిలో మైక్రోబయాలజీ డాక్టరు. క్రిములతో కాపురం. హైమ పెళ్ళై వచ్చి నాలుగేళ్ళయింది. అప్పుడప్పుడు పొత్తికడుపులో నొప్పి అంటుంది, అడిగితే ఏం లేదక్కా అంటుంది. పిల్లలు లేరని మాణిక్యమ్మగారు నోములు మార్చి నోములు పట్టిస్తున్నారు. హైమ భర్త ఫణి రొయ్యల మేత కంపెనీలో పని చేస్తాడు. వారంలో సగం రోజులు చెరువుల వెంట, మిగతా సగం లాడ్జీల్లో ఉంటాడు. మనిషి సరదా మనిషి. నవ్వించి మాట దాటెయ్యడం ఆయనకి వెన్నతో పెట్టిన విద్య.

అంతకుముందు ఒకరోజు బట్టలు ఆరేస్తూ సువర్చల తోడికోడలికి విషయం విడమరిచి చెప్పింది. ఈ జబ్బు లోపల ఉన్నట్టు చాలామందికి తెలియదు. తెలియకుండానే గర్భనాళాలు మూసుకుపోవచ్చు. ముందే కనిపెడితే వారం రోజుల మాత్రలతో పోతుంది. కానీ మొగుడూ పెళ్ళాం ఇద్దరూ వేసుకోవాలి. ఒక్కళ్ళు వేసుకుంటే తలుపు వేసి కిటికీ తెరిచినట్టే.

హైమ తడి తువ్వాలు రెండుసార్లు దులిపింది. "నే చెబితే నవ్వేస్తారక్కా. నువ్వు చెబితే, వదినకి గాలి పీల్చినా క్రిములే కనిపిస్తాయంటారు. గవర్నమెంటు కాయితం ఒకటి చూపిస్తే వేసుకుంటారు. కాయితమంటే ఆయనకి భయం."

అందుకని ఆ సీసా. ఆ సీసా నుంచి ఒక కాయితం రావాలి. సువర్చల అనుకున్నది అంతే. ఆసుపత్రిలో కాయితం రావడమంత తేలికైన పని లేదని ఇన్నేళ్ళ సర్వీసులో ఆమె నమ్మకం.

*

అదే వారం పై కార్యాలయం నుంచి ఉత్తర్వు వచ్చింది. క్లమీడియాని కనిపెట్టడానికి ఆసుపత్రి ప్రయోగశాలలో మూడు పరీక్షలున్నాయి. మొదటిది పాతది: క్రిమిని బతికున్న కణాల్లో పెంచి చూడటం. దానికి రోజులు పడుతుంది, ఏసీ ఆగిపోతే కణాలు అలిగి చచ్చిపోతాయి. రెండోది కార్డు: చుక్క వేస్తే గీత పడుతుంది. చవక, తొందర. కానీ ఉన్నవాళ్ళలో చాలామందిని చూడనట్టు పోనిస్తుంది. మూడోది యంత్రం: క్రిమి తాలూకు జన్యువు ఆనవాలు రవ్వంత ఉన్నా పట్టేస్తుంది. ఈ మూడింటినీ పోల్చి ఏది మేలో చెప్పమన్నారు. బుద్ధిగల ప్రశ్న. చేయదగిన పని. సువర్చల సంతోషించింది.

అయితే అది తెలుగు భాషా వారోత్సవాల కాలం. ఆ వారంలో ఇంగ్లీషులో ఉత్తర్వు ఇచ్చినవాడు సంజాయిషీ చెప్పుకోవాలి. అందుచేత పరీక్షలను దేనితో సరిపోల్చాలో చెప్పే 'గోల్డ్ స్టాండర్డ్' అన్న మాటను, అంటే అందరూ ఒప్పుకున్న కొలతబద్దను, పైనున్న ఎవరో భాషాభిమాని చక్కటి తెలుగులో పెట్టారు.

కమిటీ గదిలో సూపరింటెండెంటు డాక్టర్ కోదండపాణి లేచి నిలబడి చదివారు. ఆయన ఉత్తర్వులను కూర్చుని చదవరు.

"సదరు మూడు పరీక్షలను బంగారు ప్రమాణముతో సరిపోల్చి, ఏది మేలైనదో సిఫారసు చేయవలెను."

చదివి కళ్ళజోడు తీశారు. "బంగారు ప్రమాణము," అని మళ్ళీ అన్నారు, నోట్లో జీళ్ళముక్క వేసుకున్నట్టు.

"ప్రమాణం అంటే ఒట్టే కదండీ," అన్నాడు ఏ.ఓ. తాతబ్బాయి. ఆసుపత్రికి కుర్చీల దగ్గర్నుంచి శవాల గది తాళాల దాకా సమస్తం చూసేది ఆయనే. "కోర్టులో చేయిస్తారు చూడండి, అలాగన్నమాట. ఇక్కడ బంగారం మీద చేయించమంటున్నారు. ఆరోగ్య విషయం కదండీ మరి, గట్టిగా ఉండాలని."

సువర్చల నవ్వింది. ఎవరూ నవ్వకపోవడం చూసి ఆపేసింది. "కాదండీ. ఇక్కడ ప్రమాణం అంటే కొలమానం. ఒక పరీక్ష సరైనదా కాదా అని తూచడానికి నమ్మకమైన ఇంకో పరీక్ష."

"పరీక్షని పరీక్షతో తూస్తారా? దొంగకి దొంగ జామీను అన్నట్టు లేదండీ?" అన్నాడు తాతబ్బాయి.

కోదండపాణిగారు చెయ్యెత్తారు. "సువర్చలగారూ, మీరు చెప్పేది సైన్సు, కాదనను. ఇది ఉత్తర్వు. సైన్సు తప్పయితే పుస్తకం మార్చుకుంటారు. ఉత్తర్వు తప్పయితే మనం మారిపోతాం, ఏ ఏజెన్సీ ప్రాంతానికో."

అయినా ఆమె పట్టుబట్టింది కాబట్టి వివరణ కోరుతూ పైకి రాశారు. జవాబు ఆశ్చర్యకరంగా తొందరగా వచ్చింది.

"పై విషయమునకు సంబంధించి తెలియజేయునదేమనగా, ప్రమాణము అనగా ప్రమాణమే. ఇట్టి ప్రాథమిక అంశములపై పై కార్యాలయపు కాలమును హరించుట భాషాద్రోహముగా పరిగణింపబడును. బంగారు అను విశేషణము యథాతథము."

"నే చెప్పలేదాండీ?" అన్నాడు తాతబ్బాయి.

*

ముందు బంగారం కావాలి. ఒక గ్రాము బంగారానికి టెండరు పిలిచారు. పేరున్న నగల కొట్లవాళ్ళు ఆసుపత్రి అనగానే బిల్లు ఎప్పుడొస్తుందోనని దణ్ణం పెట్టేశారు. తక్కువ ధరకి ఒప్పుకున్నవాడు మార్కెట్ వీధిలో గాజుల కొట్టతను. గులాబీ రంగు డబ్బాలో మామిడి పిందెల నెక్లెసు ఒకటి, జత జుంకాలతో సహా తెచ్చిచ్చాడు.

"ఇదేంటయ్యా?" అన్నారు సూపరింటెండెంటు.

"వన్ గ్రామ్ గోల్డండి. తమరు రాసింది అదే కదండీ. ఆరు నెల్లు రంగు పోదండి, గ్యారంటీ. చెమట తగలనివ్వకుండా చూసుకోండి."

పూత బంగారం మీద చేసిన ప్రమాణం పూత ప్రమాణం అవుతుందా, అసలు ప్రమాణం అవుతుందా అన్న దాని మీద కమిటీ ఒక పూటంతా చర్చించింది. సమోసాలు రెండుసార్లు వచ్చాయి. చివరికి ఎవరి ఒంటి మీది బంగారం మీద వాళ్ళే చెయ్యాలని తీర్మానించారు. ఆడవాళ్ళకి ఎలాగూ తాళి ఉంటుంది. మగవాళ్ళకి ఉంగరం లేకపోతే భార్య తాళి పట్టుకుని చేయవచ్చు. గొలుసు తాకట్టులో ఉన్నవాళ్ళు బ్యాంకు రసీదు తెచ్చుకోవచ్చు. రసీదులో గ్రాములు రాసి ఉంటాయి కనుక అది బంగారంతో సమానం.

"మరి పెళ్ళికానివాళ్ళు?" అని అడిగింది సువర్చల.

కోదండపాణిగారు దీనికి సిద్ధంగానే ఉన్నారు. "తాళి లేనివారికి ప్రమాణార్హత లేదు. ప్రమాణార్హత లేనివారికి పరీక్షార్హత లేదు. పరీక్ష లేనివారికి వ్యాధి లేదు. చాలా సున్నితమైన సమస్యను ఎంత సులువుగా పరిష్కరించామో మినిట్స్‌లో రాయండి తాతబ్బాయిగారూ."

తాతబ్బాయి రాశాడు. బయట బెంచీ మీద పొత్తికడుపు పట్టుకుని కూర్చున్న హాస్టలు పిల్ల జ్వరం బిళ్ళ తీసుకుని వెళ్ళిపోయింది.

కుటుంబ నియంత్రణ సలహా గది గోడకి కొత్త బోర్డు వేశారు: ప్రమాణ కక్ష్య. కింద బాణం గుర్తు: ప్రయోగశాలకు దారి, ప్రమాణానంతరం. ప్రమాణ పాఠం సూపరింటెండెంటుగారే స్వయంగా రాశారు. ఆయన కాలేజీ రోజుల్లో నాటకాలు వేసేవారు.

"ఫలానా అను నేను, నా ఒంటి మీది ఈ బంగారము సాక్షిగా, నాకుగానీ నా జీవిత భాగస్వామికిగానీ పేర్కొనదగని సదరు వ్యాధి లేదనియు, అది వచ్చుటకు తగిన పనులేవియు మేము చేసియుండలేదనియు, ఇకమీదట చేయు ఉద్దేశము కూడా లేదనియు ఇందుమూలముగా ప్రమాణము చేయుచున్నాను."

'వ్యాధి ఉంది' అని ప్రమాణం చేసే పాఠం రాయలేదు. అలాంటి ప్రమాణం ఎవరు చేస్తారని.

మొదటిరోజే ఒక చేపలమ్మే ఆవిడ అడ్డం తిరిగింది. "నా మట్టుకు నేనెన్ని ఒట్లయినా ఏత్తానండి. మా ఆయన మీద నేనెందుకెయ్యాల? ఆయన సంగతి ఆ బగమంతుడిక్కూడా సరిగ్గా తెల్దు."

"ఫార్మాట్ అమ్మా," అన్నాడు తాతబ్బాయి.

"పారమాటంటే?"

"పైనుంచి వచ్చిందని."

పైనుంచి వచ్చిందంటే ఆవిడ పైకి చూసి, దణ్ణం పెట్టి, ఒట్టేసింది. అలా రోజూ వరస కట్టి ఆడవాళ్ళు తాళి పట్టుకుని తమ మొగుళ్ళ సత్ప్రవర్తనకి పూచీ పడ్డారు. పూచీ పడ్డాక సీసా ఇచ్చారు. సీసాల్లోని సంగతి వేరేగా ఉంది. యంత్రం పదిమందిలో ఒకరికి ఉందంది. కార్డు దాదాపు ఎవరికీ లేదంది. ఒక్కదాని మీద గీత పడితే, చూసినవాడు ఆ రోజు కళ్ళజోడు మరిచిపోయి వచ్చాడని తేల్చారు. కణాల పరీక్ష కరెంటు పోయిన మధ్యాహ్నం ఏ అభిప్రాయమూ చెప్పకుండానే కన్నుమూసింది.

*

హైమ చేత కొత్తగా పట్టించిన సీసాని, ఒట్టు లేకుండానే, యంత్రంలో పెట్టిన రోజు సువర్చల ఎవర్నీ దగ్గరికి రానివ్వలేదు. తెర మీద గీత కొంతసేపు నేల బారుగా పాకి, పాకి, పాము పడగెత్తినట్టు లేచింది. ఆమె మళ్ళీ పెట్టి చూసింది. మళ్ళీ లేచింది.

సాయంత్రం డాబా మీద చెబితే హైమ ఏడవలేదు. "కాయితం ఇస్తారా?" అంది.

"ఒట్టు పెడితే ఇస్తారు."

"ఏమని?"

సువర్చలకి ప్రమాణ పాఠం నోటికొచ్చేసింది. చెప్పింది. చెబుతుంటే తనకే నోట్లో ఇసుక పడ్డట్టయింది.

మర్నాడు హైమ ప్రమాణ కక్ష్యకి వచ్చి నిలబడింది. తాతబ్బాయి మర్యాదగానే కుర్చీ వేయించాడు. డాక్టరుగారి తోడికోడలు కదా.

"కానీయండమ్మా. కుడిచెయ్యి తాళి మీద, ఎడంచెయ్యి ఖాళీగా."

"నేను చెయ్యనండి."

"చెయ్యరా? ఏం, తాళి మెడలో లేదా?"

"ఉందండి. నా సంగతే నాకు ఆ మిషను చెప్పేదాకా తెలీలేదు. ఇంకొకళ్ళ సంగతి నాకేం తెలుస్తుంది? తెలియంది తెలుసని తాళి పట్టుకుని ఎలా చెప్పనండి?"

తాతబ్బాయి ఉద్యోగంలో ఇలాంటి మాట ఎవరూ అనలేదు. ఆయన ప్రమాణ పాఠం తిరగేసి మరగేసి చూశాడు. చెయ్యని మనిషిని ఏ గడిలో రాయాలో దాంట్లో లేదు. గడి లేకపోతే లెక్క పూర్తికాదు, లెక్క పూర్తికాకపోతే నివేదిక పోదు. సూపరింటెండెంటుగారు అప్పటికప్పుడు అనుబంధ నిబంధన జారీచేశారు: భార్య ప్రమాణమునకు నిరాకరించినచో భర్త ప్రమాణము ఆమెకు కూడా వర్తించును.

ఫణికి కబురు వెళ్ళింది. మోటారుసైకిలు మీద చెరువు గట్టు నుంచి నేరుగా వచ్చాడు, చొక్కా మీద మేత పొడితో. కొడుకు చేత ప్రభుత్వమే ప్రమాణం చేయిస్తోందని తెలిసి మాణిక్యమ్మగారు జరీచీర కట్టుకుని ఆటోలో వచ్చారు. విసనకర్ర కూడా తెచ్చుకున్నారు.

"ఏంటి వదినా, మీ ఆసుపత్రిలో పెళ్ళిళ్ళు కూడా చేయిస్తున్నారా?" అన్నాడు ఫణి. "ఇంతమందిలో మళ్ళీ తాళి పట్టుకోమంటున్నారు. పీటలేవి, భజంత్రీలేవి?"

గుమాస్తాలు నవ్వారు. ఉంగరం చెరువులో పడిపోయిందన్నాడు కాబట్టి భార్య తాళి పట్టుకోమన్నారు. హైమ మెడలోంచి గొలుసు పైకి తీసి నిలబడింది. తాతబ్బాయి ముక్క ముక్కగా చదివాడు, ఫణి వెనకాల అన్నాడు. 'పేర్కొనదగని సదరు వ్యాధి' దగ్గర గొంతు మార్చి అనేసరికి మళ్ళీ నవ్వులు. 'అది వచ్చుటకు తగిన పనులేవియు' దగ్గరికి వచ్చేసరికి నవ్వించలేదు. ఆ ముక్క చాలా తొందరగా అన్నాడు, సీలింగు ఫ్యాను వైపు చూస్తూ. ఫ్యాను తిరగడం లేదు.

సువర్చల గుమ్మంలోంచి చూసింది. హైమ ఇంకా దగ్గర్నుంచి చూసింది. మాణిక్యమ్మగారి మొహం మీద నవ్వు అలాగే ఉంది గానీ, చేతిలో విసనకర్ర ఆగిపోయింది.

"అయిపోయిందా?" అన్నాడు ఫణి, తాళి వదిలేసి చేతులు దులుపుకుంటూ.

"దివ్యంగా అయిందండి," అన్నాడు తాతబ్బాయి. హైమ పేరు పక్కన గడి నిండింది.

*

ఆఖరి సమావేశానికి కోదండపాణిగారు పట్టు లాల్చీ వేసుకొచ్చారు.

"మిత్రులారా, మన జిల్లా మహిళలు, వారి భర్తలు, నూటికి నూరుమంది, సదరు వ్యాధి లేదని బంగారం మీద ప్రమాణం చేశారు. ఇది మన సంస్కృతి. ఇప్పుడు పరీక్షల సంగతి చూద్దాం. కణాల పరీక్ష దివంగతమైంది, దాని ఆత్మకు శాంతి. కార్డు పరీక్ష ప్రమాణంతో పూర్తిగా ఏకీభవించింది. యంత్రం మాత్రం," ఆయన ఆగి మంచినీళ్ళు తాగారు, "పదిమందిలో ఒకరిని దోషి అంటోంది. అంటే మన ఆడపడుచులు తాళి పట్టుకుని అబద్ధమాడారని ఆరోపిస్తోంది."

"విదేశీ యంత్రం కదండీ," అన్నాడు తాతబ్బాయి. "తాళి విలువ దానికేం తెలుస్తుంది."

సువర్చల లేచింది. "సార్, వాళ్ళు అబద్ధమాడలేదు. వాళ్ళకి తెలీదు. ఒంట్లో ఉండి కూడా తెలియకపోవడమే ఈ జబ్బు పద్ధతి. తెలిస్తే పరీక్ష దేనికి? కార్డు ఒప్పుకుందంటే, కార్డుకి కూడా తెలీలేదని. రెండు తెలియనితనాలు కలిస్తే నిజం అవదు."

"తెలియని విషయం మీద చేసిన ప్రమాణం మరింత పవిత్రం," అన్నారు కోదండపాణి. "తెలిసి చెప్పేవాడు సాక్షి. తెలియక నమ్మేవాడు భక్తుడు."

బల్లలు చరిచారు.

"పాజిటివ్ వచ్చినవాళ్ళకి మాత్రలైనా ఇవ్వండి. ఇప్పుడు ఇస్తే పోతుంది. రేపు వాళ్ళకి పిల్లలు పుట్టకపోతే?"

"మాత్రలు ఇస్తే వ్యాధి ఉందని మనం ఒప్పుకున్నట్టు. ప్రమాణం చేసిన గృహిణిని ప్రభుత్వం అనుమానించినట్టు. అంతటి పాపం నేను చెయ్యలేను." ఆయన కళ్ళజోడు తీసి నిజంగానే కళ్ళొత్తుకున్నారు. "డాక్టర్ సువర్చలగారి అభిప్రాయాన్ని గౌరవపూర్వకంగా వినడమైనది అని రాయండి."

"పరిగణించడమైనది అని రాయమంటారాండీ?"

"వినడమైనది. చాలు."

కార్డు పరీక్షని ఏకగ్రీవంగా సిఫారసు చేశారు. యంత్రానికి పసుపురంగు దుప్పటి కుట్టించి కప్పి, తాళం వేశారు. అక్కడితో ఆగితే అది మామూలు ఆసుపత్రి అయ్యేది. తాతబ్బాయికి పొదుపంటే ప్రాణం. టీ తాగుతూ ఒక సందేహం వెలిబుచ్చాడు.

"కార్డు పెట్టె విప్పకముందు దాని మీద గీత ఉండదు కదండీ. విప్పి చుక్క వేశాక కూడా ఉండదు. రెండూ ప్రమాణంతో సమానంగానే ఏకీభవిస్తున్నాయి. మరి విప్పడం దేనికండీ?"

టీ కప్పులన్నీ ఒక్కసారే బల్ల మీదికి దిగాయి. గొప్ప ఆలోచన పుట్టినప్పుడు అలాగే అవుతుంది. విప్పని కార్డు విప్పిన కార్డుకి ఏమాత్రం తీసిపోదని, పైగా చెడిపోదని తీర్మానం జరిగింది. మరుసటి వారానికల్లా కార్డులు కొనడం కూడా మానేసి, ప్రమాణం ఒక్కటే చేయిస్తే చాలన్నారు. ఎందుకంటే ప్రమాణం ప్రమాణంతో ఎప్పుడూ విభేదించలేదు. ప్రయోగశాల బోర్డు తీసేసి 'ప్రమాణశాల' అని రాయించారు. పెయింటు వేసేవాడు ముందు 'ప్రమాదశాల' అని రాశాడు. అది చాలామంది గమనించలేదు.

పై కార్యాలయం అభినందించింది. జిల్లాని వ్యాధి రహితంగా ప్రకటించారు. ప్రమాణం చేసిన జంటలందరికీ రంగు సర్టిఫికెట్లు పంచారు, లామినేషన్‌తో సహా. వాటి మీద దంపతుల పేర్లు, కింద పెద్ద అక్షరాల్లో 'లేదు' అని ఉంది. ఏది లేదో మర్యాద కోసం రాయలేదు.

హైమ ఎదురుచూసిన కాయితం అలా వచ్చింది.

*

ఫణి దాన్ని చంకలో పెట్టుకుని ఇంటికి తెచ్చాడు, కిలో కాజాలతో.

"చూశావా హైమా? నీకేదో ఉందని వదినా నువ్వూ డాబా మీద గుసగుసలు పోయారట. గవర్నమెంటే లేదంది. ఇదిగో ముద్ర." అన్నగారి వైపు తిరిగాడు. "అన్నయ్యా, మీ బ్యాంకులో కూడా ఇలాంటిదొకటి పెట్టండి. బాకీ లేదని ఒట్టేస్తే సరి, బాకీ లేనట్టే."

విఠల్ నవ్వబోయి భార్య మొహం చూసి పేపరు తీసుకున్నాడు.

"అమ్మా, ఇది దేవుడి గదిలో పెట్టించు. ఫ్రేము కట్టిద్దాం."

"దేవుడి గదిలో ఖాళీ లేదు," అన్నారు మాణిక్యమ్మగారు.

"ఏం, వెంకన్నని కాస్త జరపొచ్చు కదా."

"ఆయన అక్కడే ఉంటాడు," అని ఆవిడ వంటింట్లోకి వెళ్ళిపోయారు. ఆ పూట ఆవిడ నోము మాట ఎత్తలేదు. రోజూ ఎత్తే వేళకి చింతపండు పిప్పి తీస్తూ కూర్చున్నారు.

సువర్చల వెనకాలే వెళ్ళి హైమ పక్కన నిలబడింది. హైమ గోంగూర కడుగుతోంది. ఆకు ఎర్రమట్టి వదులుతోంది. నీళ్ళు మళ్ళీ మళ్ళీ మారుస్తోంది.

"చీటీ నేను రాసిచ్చాను కదా, నీ మాత్రలు నువ్వు మొదలుపెట్టు," అంది సువర్చల గొంతు తగ్గించి. "ఫణితో నేను మాట్లాడతాను."

"నువ్వు మాట్లాడకక్కా. నువ్వు మాట్లాడితే నీ మాటవుతుంది."

"ఒక్కదానివే వేసుకుంటే లాభం లేదు హైమా."

"తెలుసు. తలుపూ కిటికీ అన్నావు కదా." ఆకు గిన్నెలోకి తీసి చేతులు తుడుచుకుంది. "కాయితం వస్తే ఆయన భయపడతారనుకున్నాను. కాయితమూ ఆయనా ఒకే పక్షం అయిపోయారు."

రాత్రి అందరూ భోజనాలకి కూర్చున్నారు. ఫణి మంచి ఉత్సాహంలో ఉన్నాడు. ఏలూరు వైపు ఒక రైతు చెరువులో రొయ్యలకి తెల్లమచ్చ తెగులు తగిలితే, ఎదుటి చెరువువాడు తన చెరువులో లేదు లేదంటూ రాత్రికి రాత్రే రొయ్యలన్నీ పట్టించి అమ్మేసుకున్న కథ చెబుతున్నాడు.

"ఎందుకు లేదన్నాడు మరి?" అన్నాడు విఠల్.

"ఉందంటే ఎవడు కొంటాడు అన్నయ్యా? అక్కడికి టెస్టింగువాళ్ళొచ్చారు, నీళ్ళు పట్టుకెళతామన్నారు. గేటు దాటనిచ్చాడనుకున్నావా?"

హైమ అందరికీ మజ్జిగ పోసింది. తను కూడా కంచం పెట్టుకుని కూర్చుంది. ఎప్పుడూ అందరితో కూర్చోదు. అందుకని అందరూ ఆమె వైపు చూశారు. చూసినప్పుడు చెప్పడమే మంచిదనుకున్నట్టు చెప్పింది. గొంతు పెంచలేదు.

"అత్తయ్యా, బావగారూ, ఒక మాట. నాకు ఆ జబ్బుంది. మిషను రెండుసార్లు చెప్పింది. మెడికల్ షాపులో మాత్రలు కొనుక్కున్నాను, ఈ పూట నుంచి వేసుకుంటున్నాను."

"సర్టిఫికెట్ వచ్చాక మళ్ళీ ఇదేంటే?" అన్నాడు ఫణి, నవ్వు మొహం ఇంకా తీయకుండా. "అందరి ముందూ..."

"అందరి ముందూ లేదన్నారు కదండీ. ఉందని కూడా అందరి ముందే చెప్పాలి." ఆమె అతని వైపు చూడలేదు, కంచం వైపు చూసింది. "మీ మాత్రలు కూడా తెచ్చాను. బీరువా మీద, మీ పర్సు పక్కన పెట్టాను. ఎలా వచ్చింది, ఎవరివల్ల వచ్చింది అని నేను అడగడం లేదు. మీరు చెప్పక్కర్లేదు. వేసుకోండి. అవి అయ్యాక పట్నం తీసుకెళ్ళి మిషను పరీక్ష మళ్ళీ చేయిద్దామంది అక్క. నా నాళాలు కూడా చూపించుకోవాలి. అవన్నీ అయ్యేదాకా నేను అత్తయ్య గదిలో పడుకుంటాను."

 ఫణి తల్లి వైపు చూశాడు, ఆవిడ ఇప్పుడు కోడల్ని కోప్పడుతుందని. విఠల్ పెరుగన్నంలో ఉప్పు కోసం వెతుకుతున్నాడు, ఉప్పు ముందే ఉంది. సువర్చల నోటి దాకా వచ్చిన మాటని మజ్జిగతో మింగేసింది.

మాణిక్యమ్మగారు చెయ్యి కడుక్కుని వచ్చారు. కొంగుతో తుడుచుకుంటూ హైమ దగ్గర ఆగారు.

"నా మంచం ఇద్దరికీ చాలదు," అన్నారు కోడలితో. "కింద పరుపు వేద్దాం. గోడ వైపు నువ్వు పడుకో."